పెరటి బ్లూబెర్రీ: మర్మమంతా వేరులోనే

అమెరికాలో తెలుగువాళ్ళు సొంతిల్లు కొనుక్కున్న చోటల్లా పెరట్లో రెండు మూడు మడులు లేస్తాయి. గోంగూర, బెండ, బీర పందిరి, చలి మొదలవగానే ఇంట్లోకి చేరే కరివేపాకు కుండీ. వాటి సరసన బ్లూబెర్రీ కూడా చేరుతోంది. పిల్లలు ఇష్టంగా తింటారు, కొట్లో ధర ఎక్కువ. పైగా మొక్క ఏడాది పొడుగునా చూడముచ్చటగా ఉంటుంది. వసంతంలో తెల్లటి పూలు, వేసవిలో నీలి కాయలు, ఆకు రాలే ముందు ఎర్రబారే పొద.

నాటిన మొదటి ఏడు మొక్క బాగానే ఉంటుంది. నర్సరీ కుండీలోని మట్టి ఇంకా వేళ్ళను అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి. మరుసటి ఏడు కొత్త చిగుళ్ళు పాలిపోయి వస్తాయి. ఆకు పసుపెక్కుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. బలం చాలడం లేదనుకుని పశువుల ఎరువు వేస్తారు. వంటింటి కంపోస్టు, నలిపిన గుడ్డు పెంకులు, కట్టెల బూడిద, ఇలా చేతికందిన మంచిదల్లా వేస్తారు. మొక్క ఇంకా నీరసిస్తుంది. మూడో ఏటికి ఎండు పుల్లలు మిగులుతాయి. వంగకూ టమాటాకూ ప్రాణం పోసే పనులే దీని ప్రాణం మీదికి వస్తాయి.

బ్లూబెర్రీ పెంపకం గురించి చెప్పే జాగ్రత్తలు చాలా ఉన్నాయి. సున్నం తగలకూడదు, నీళ్ళు నిలవకూడదు, ఎండిపోనూ కూడదు, ఈ ఎరువు వేయాలి, ఆ ఎరువు వేయకూడదు. విడివిడిగా వింటే ఇదంతా గొంతెమ్మ కోరికల చిట్టాలా అనిపిస్తుంది. కానీ వీటిలో ముప్పాతిక భాగం ఒకే కారణం నుంచి వచ్చినవి. ఆ మొక్క వేరు ఎలాంటి నేలలో, ఏ ఆకలితో రూపుదిద్దుకుందో తెలిస్తే మిగతావన్నీ బట్టీ పట్టక్కర్లేకుండా అర్థమవుతాయి.

మంచి మట్టిలో చచ్చిపోయిన మొక్క

ఇక్కడ చెప్పుకుంటున్నది హైబుష్ బ్లూబెర్రీ గురించి. శాస్త్రీయ నామం వాక్సీనియం కోరింబోసమ్. ఉత్తర అమెరికా తూర్పు భాగాన చిత్తడి నేలల అంచుల్లో, పైన్ అడవుల్లో తనంతట తాను పెరిగే పొద. ఆరడుగులు దాటి ఎదుగుతుంది. అక్కడి ఆదివాసులు శతాబ్దాలుగా ఈ కాయలు తింటూ, ఎండబెట్టి శీతాకాలానికి దాచుకుంటూ వచ్చారు. అయినా 20వ శతాబ్దం మొదలయ్యేదాకా ఇది తోటపంట కాలేదు. అడవి నుంచి తవ్వి తెచ్చి, దున్ని ఎరువు వేసిన పొలంలో నాటితే బతికేది కాదు. దీన్ని సాగు చేయడం కుదరని పని అనే నమ్మకం పాతుకుపోయింది.

అమెరికా వ్యవసాయ శాఖలో వృక్షశాస్త్రవేత్తగా ఉన్న ఫ్రెడరిక్ కోవిల్ 1906లో దీని మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1910లో ప్రచురించిన నివేదికలో తాను గమనించినది స్పష్టంగా రాశాడు. బాగా ఎరువు పెట్టి, సున్నం కలిపిన సారవంతమైన తోటమట్టిలో ఈ మొక్క వర్ధిల్లదు. దానికి కావలసింది ఆమ్ల గుణం గల నేల. అంతవరకూ ఆమ్ల నేల అంటే సున్నం వేసి బాగుచేసుకోవలసిన చెడ్డ నేల అనే అందరి లెక్క. అలాంటి నేలనే కోరుకునే పంట ఒకటి ఉందని చెప్పడం ఆనాటికి కొత్త సంగతి.

న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో క్రాన్‌బెర్రీ తోటల కుటుంబానికి చెందిన ఎలిజబెత్ వైట్ 1911లో ఆ నివేదిక చదివింది. ప్రయోగాలకు తమ భూమి వాడుకోమని కోవిల్‌కు కబురు పెట్టింది. తర్వాత ఆమె చేసిన పని నాకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది. చుట్టుపక్కల పైన్ అడవుల్లో తిరిగే స్థానికులకు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల రంధ్రం ఉన్న కొలబద్దలు ఇచ్చింది. ఆ రంధ్రంలో పట్టనంత పెద్ద కాయ కాసే పొద చూపిస్తే డబ్బిచ్చింది, ఆ పొదకు చూపించినవాడి పేరే పెట్టింది. రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొద 'రూబెల్' అయింది. వందేళ్ళు దాటినా రూబెల్ ఇంకా సాగులో ఉంది. నేటి చాలా రకాల వంశవృక్షంలో దాని పేరుంటుంది. అలా ఏరిన పొదలను కోవిల్ ఒకదానితో ఒకటి సంకరం చేశాడు. 1916లో వైట్స్‌బాగ్ నుంచి మొదటి సాగు పంట బజారుకు వెళ్ళింది. ఇవాళ ఎడిసన్‌లోనో దాని చుట్టుపక్కలో ఉండే తెలుగు కుటుంబం జూన్, జులైల్లో పిల్లలతో కాయలు కోసుకోవడానికి దక్షిణంగా హామంటన్ వైపు వెళితే, వాళ్ళు వెళ్ళేది ఈ పంట పుట్టిన ఇసుక నేలలకే. న్యూజెర్సీ హైబుష్ బ్లూబెర్రీని తన రాష్ట్ర ఫలంగా ప్రకటించుకుంది.

నూగు లేని వేరు

మామూలు మొక్కల వేరు చివర్లను భూతద్దంలో చూస్తే సన్నటి నూగు కనిపిస్తుంది. వాటిని మూలకేశాలంటారు. మట్టి రేణువుల సందుల్లోకి చొరబడి నీటినీ పోషకాలనూ పీల్చేది అవే. బ్లూబెర్రీకి మూలకేశాలు లేవు. వెంట్రుకంత సన్నటి పీచు వేళ్ళు మాత్రం ఉంటాయి. అవీ లోతుకు పోవు. ఎక్కువ భాగం పైన ఉండే అడుగు మందం మట్టిలోనే పరుచుకుంటాయి. ఈ లోటు తీర్చడానికి ఒక జాతి శిలీంధ్రాలు వేరు కణాల్లోనే కాపురం పెట్టి, కుళ్ళుతున్న ఆకులూ బెరడుల్లోంచి పోషకాలు తీసి మొక్కకు అందిస్తాయి.

ఈ ఒక్క పోలికతో చాలా సంగతులు తేలిపోతాయి. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి పైమట్టి నాలుగు రోజులు ఎండితే మొక్క వాడుతుంది. పారతో చుట్టూ తవ్వి కలుపు తీస్తే వేళ్ళు తెగిపోతాయి, అందుకే చేత్తో లాగడమే మంచిది. వేళ్ళు గట్టి బంకమట్టిని తొలుచుకుని పోలేవు, అందుకే వదులు నేల కావాలి. ఎరువు కాస్త ఎక్కువైతే ఆ లవణాలకు పీచు వేరు మాడిపోతుంది.

ఇక ఆమ్లం సంగతి. నేల ఆమ్లమో క్షారమో పీహెచ్ అంకెతో చెబుతారు. 7 తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. కూరగాయలకు 6 నుంచి 7 దాకా హాయి. బ్లూబెర్రీకి 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి, అందులోనూ 5 కంటే కాస్త తక్కువైతే మరీ మేలు. ఈ అంకెల్లో ఒక్కో మెట్టు పదింతల తేడా. అంటే 6.5 ఉన్న నేలను 4.5కు తేవడమంటే ఆమ్లాన్ని నూరు రెట్లు పెంచడం. రెండే అంకెలు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆమ్ల నేలలో ఇనుము కరిగి నీటిలో ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అది తుప్పు రూపంలోకి మారి వేరుకు అందకుండా పోతుంది. బ్లూబెర్రీ పూర్వీకులు కరిగిన ఇనుము పుష్కలంగా ఉన్న నేలల్లో పెరిగాయి, దాన్ని వెతికి కరిగించుకునే శక్తి వాటికి అవసరం పడలేదు. కాబట్టి 6.5 ఉన్న మట్టిలో ఇనుము ఎంత ఉన్నా ఈ మొక్కకు లేనట్టే. ఆకుపచ్చ పదార్థం తయారవడానికి ఇనుము తప్పనిసరి. అది అందక చిగురు పసుపెక్కుతుంది.

నత్రజనిదీ ఇదే కథ. మామూలు నేలలో సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి, కూరగాయలు ఆ నైట్రేటును ఇష్టంగా తీసుకుంటాయి. బాగా ఆమ్లంగా ఉన్న నేలలో ఆ సూక్ష్మజీవుల పని మందగిస్తుంది, నత్రజని అమ్మోనియం రూపంలోనే మిగులుతుంది. బ్లూబెర్రీ దానికే అలవాటు పడింది. నైట్రేటును వాడుకునే ఎంజైము దానిలో బలహీనం. అందుకే నైట్రేటు ఎరువు వేసి ఎదురుచూడడం దండగ.

గుడ్డు పెంకులు, బూడిద, సున్నం ఎందుకు పనికిరావో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. మూడూ నేలను క్షారం వైపు నెట్టేవే. పశువుల ఎరువులోనూ చాలా రకాల కంపోస్టులోనూ లవణాలు ఎక్కువ, పీహెచ్ కూడా 7కు అటూ ఇటూగా ఉంటుంది.

పసుపు ఆకును చదవడం

పసుపెక్కిన ఆకులన్నీ ఒకే జబ్బు కాదు. ముందు చూడవలసింది పసుపు ఎక్కడ మొదలైందన్నది. కొమ్మ కొసన ఉన్న లేత ఆకు పసుపై, ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం, అంటే దాదాపు ఎప్పుడూ పీహెచ్ ఎక్కువవడం. కింది ముదురు ఆకుల్లో ఈనెల మధ్య భాగం పసుపో ఎరుపో అయితే మెగ్నీషియం లోపం. కింది ఆకులు ఈనెలతో సహా మొత్తంగా వెలవెలబోతే నత్రజని చాలడం లేదు. మొక్క మొత్తం నీరసించి, ఆకులు ఎర్రబారి, మొదలు దగ్గర మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేరుకుళ్ళును అనుమానించాలి.

ఎప్సమ్ సాల్ట్ సర్వరోగ నివారిణి అని ఇంటర్నెట్ నిండా ఉంది. అది మెగ్నీషియం సల్ఫేటు. మెగ్నీషియం లోపమైతే పని చేస్తుంది, చిగురు పసుపుకు చేయదు. ఇనుము మందు ఆకుల మీద పిచికారీ చేస్తే కొన్ని వారాలు పచ్చదనం వస్తుంది, ఆ తర్వాత వచ్చే చిగురు మళ్ళీ పసుపే. మొక్క నీరసించిపోయినప్పుడు దాన్ని నిలబెట్టడానికి ఆ పిచికారీ చేయవచ్చు. చికిత్స మాత్రం మట్టికే.

మట్టిని మార్చడం

మొక్క కొనే ముందే మట్టి పరీక్ష చేయించాలి. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో విస్తరణ సేవలు ఉంటాయి. న్యూజెర్సీలో రట్గర్స్, మిషిగన్‌లో మిషిగన్ స్టేట్, టెక్సస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్. కొద్ది రుసుముతో మట్టిని పరీక్షించి లెక్క పంపిస్తారు. మట్టిలో గుచ్చి చూసే చవక మీటర్లను నమ్ముకుని ఈ పని చేయవద్దని గట్టిగా చెబుతాను.

పీహెచ్ తగ్గించడానికి నమ్మదగిన సాధనం గంధకం పొడి. ఇది తనంతట తాను ఆమ్లం కాదు. మట్టిలోని ఒక రకం బాక్టీరియా దాన్ని తిని గంధకామ్లంగా మారుస్తుంది. జీవులు చేసే పని కాబట్టి నేల వెచ్చగా, తడిగా ఉండాలి, నెలలు పడుతుంది. ఈ శరత్కాలంలో గంధకం కలిపి, వచ్చే ఏడు మొక్క నాటడం సరైన వరస. మోతాదు మట్టిని బట్టి మారుతుంది. 100 చదరపు అడుగుల గరప నేలను 6.5 నుంచి 4.5కు దించడానికి దాదాపు నాలుగున్నర పౌండ్లు, అంటే 2 కిలోలు కావాలి. ఇసుక నేలకు అందులో మూడో వంతు చాలు, బంక నేలకు ఇంకా ఎక్కువ కావాలి. మొక్క ఉన్న చోట ఒక్కసారే అంతా పోయకుండా, కొంచెం వేసి, కొన్ని నెలలాగి, మళ్ళీ పరీక్షించి వేయాలి. అల్యూమినియం సల్ఫేటు వేగంగా పని చేస్తుందని అమ్ముతారు. అంత మోతాదులో పడే అల్యూమినియం వేరుకు విషం, దాని జోలికి పోకపోవడమే మంచిది.

గుప్పెడు పొడి మట్టి మీద వెనిగర్ పోస్తే బుసబుసా నురగ వస్తే, ఆ నేలలో సున్నం పేరుకుని ఉన్నట్టు. డల్లాస్ చుట్టూ ఉన్న నల్లరేగడి ఇలాంటిదే. అక్కడ గంధకంతో నేల మొత్తాన్ని మార్చాలనుకోవడం వృథా. ఉన్న ఆమ్లాన్నల్లా సున్నం మింగుతూనే ఉంటుంది. అలాంటి చోట కుండీయో, నేలకు పైన కట్టిన మడో తప్ప మార్గం లేదు. అదే టెక్సస్‌లో తూర్పున ఇసుక పైన్ నేలల్లో బ్లూబెర్రీ తోటలే ఉన్నాయి. రాష్ట్రం పేరు చూసి కాకుండా, కాళ్ళ కింది మట్టిని చూసి నిర్ణయించుకోవలసిన పంట ఇది.

చిట్కాల సంగతి కూడా తేల్చుకోవాలి. కాఫీ పొడి పుల్లగా ఉంటుంది కదా అని పిప్పి తెచ్చి పోస్తుంటారు. ఆమ్లం కాఫీలోకి దిగిపోతుంది, పిప్పి తటస్థానికి దగ్గరగా ఉంటుంది. సేంద్రియ పదార్థంగా పలచగా వేస్తే నష్టం లేదు, పీహెచ్ మాత్రం దిగదు. పైన్ ఆకులు కప్పితే నేల ఆమ్లమవుతుందన్న నమ్మకమూ అలాంటిదే. అవి కప్పుగా బాగుంటాయి, అంతవరకే. కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోసి పచ్చగా పెంచుకునే మన ఇళ్ళలో బ్లూబెర్రీకీ అదే పోద్దామా అనే ఆలోచన సహజంగానే వస్తుంది. మజ్జిగలో ఉండే కొద్దిపాటి ఆమ్లాన్ని సూక్ష్మజీవులు రోజుల్లోనే తినేస్తాయి, వెనక కాల్షియం మిగులుతుంది. నీళ్ళలో కలిపిన వెనిగర్ కూడా ఆ పూటకే పని చేస్తుంది. సున్నపు నేలలో ఇవన్నీ ఏట్లో పిసికిన చింతపండు.

నీళ్ళే వెనక్కి లాగుతాయి

మట్టిని కష్టపడి 4.8కి తెచ్చినా రెండేళ్ళలో మళ్ళీ 6కు చేరడం చాలా ఇళ్ళలో జరిగేదే. కారణం కుళాయి నీళ్ళు. ఇక్కడ రెండు విషయాలను కలిపేయకూడదు. నీటి పీహెచ్ ఒకటి, నీటిలో కరిగి ఉన్న బైకార్బొనేట్ల మోతాదు మరొకటి. మొక్కకు చేటు చేసేది రెండోది. ప్రతి తడిలోనూ ఆ బైకార్బొనేటు కొంచెం కొంచెం సున్నం వేసినట్టే నేలలో చేరుతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటితే కుండీలో పెంచేవారు పట్టించుకోవలసిందే. కుండీలో మట్టి తక్కువ, పైగా తడి తరచుగా పెట్టాలి కాబట్టి ప్రభావం త్వరగా కనిపిస్తుంది. కెటిల్ అడుగున తెల్లటి గార కట్టే ఊళ్ళలో ఇది తప్పదు.

ఇంటి కప్పు మీద పడే వాన నీటిని పీపాలో పట్టుకుని వాడటం అన్నిటికన్నా మంచి మందు. వాన నీళ్ళు చాలకపోతే నీళ్ళలో కొంచెం సిట్రిక్ ఆమ్లం కలిపి బైకార్బొనేట్లను ముందే విరిచేయవచ్చు. వెనిగర్‌కు కూడా ఈ పనిలో చోటుంది. నేలను మార్చడానికి పనికిరానిది, నీళ్ళను మార్చడానికి పనికొస్తుంది.

తడి ఎంత? కాయ మీదున్నప్పుడు వారానికి ఒకటి నుంచి రెండు అంగుళాల వాన పడినంత. అది కూడా ఒక్కసారిగా ముంచేయకుండా రెండు మూడు విడతల్లో. చిత్తడి నేలల మొక్క కదా, నీళ్ళు నిలిచినా పరవాలేదనుకుంటే పొరపాటు. అడవిలో ఇది బురద మధ్యలో కాకుండా బురదలోంచి లేచిన దిబ్బల మీద, గట్ల మీద పెరుగుతుంది. కింద తేమ, పైన గాలి. బంక నేలలో గొయ్యి తీసి, దాన్ని పీట్‌తో, అంటే చిత్తడి నేలల్లో నాచు కుళ్ళి ఏర్పడిన పొట్టుతో, నింపి నాటితే ఆ గొయ్యి తొట్టిలా నీళ్ళు నిలుపుతుంది, ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్ళు పట్టుకుంటుంది. నేల మీద ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల ఎత్తు మడి కట్టి అందులో నాటడం క్షేమం.

మడికైనా కుండీకైనా పైన్ బెరడు ముక్కలు, పీట్ మాస్ కలిపిన మిశ్రమం బాగుంటుంది. పైన మూడు నాలుగు అంగుళాల మందాన బెరడో, రంపపు పొట్టో, చెక్కముక్కలో కప్పాలి. ఈ కప్పు తేమ నిలుపుతుంది, వేరును ఎండ నుంచి కాపాడుతుంది, కుళ్ళుతూ శిలీంధ్రాలకు ఆహారమవుతుంది. ఏటా కొంత కొత్తది పోయాలి. నాకు తెలిసినంతలో ఈ మొక్కకు చేయగల సేవల్లో అతి చవకైనదీ, అందరూ మరిచిపోయేదీ ఇదే.

ఎరువు విషయంలో చెయ్యి ముడుచుకోవాలి. అమ్మోనియం సల్ఫేటు దీనికి తగినది. 21 శాతం నత్రజని అమ్మోనియం రూపంలో ఇస్తుంది, నేలనూ ఆమ్లంగా ఉంచుతుంది. మొక్క నిలదొక్కుకున్నాక మొదటి ఏడాది మొత్తానికి ఒకటి రెండు ఔన్సులు, అంటే 30 నుంచి 60 గ్రాములు, విడతలుగా, మొదలుకు తగలకుండా దూరంగా చల్లి తడి పెట్టాలి. తర్వాత ఏటేటా కొంచెం పెంచుకుంటూ పోవాలి. సేంద్రియంగా పెంచేవారికి పత్తిగింజల పిండి ఉంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ లాంటి క్లోరైడు ఎరువులు వద్దు. చలి ప్రాంతాల్లో జులై దాటాక ఎరువు ఆపేయాలి, లేకపోతే లేత కొమ్మలు గట్టిపడకముందే మంచు వచ్చి చంపేస్తుంది.

చలి లెక్క, రకం లెక్క

శీతాకాలంలో మోడైన మొక్కను వెచ్చటి చోట పెడితే వెంటనే చిగురిస్తుందనిపిస్తుంది. బ్లూబెర్రీ చిగురించదు. తగినంత చలి తినాలి, అప్పుడే నిద్ర లేస్తుంది. కోవిల్ 1920లోనే దీని గురించి రాశాడు. 0 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ మధ్య గడిచిన గంటలను లెక్కపెట్టి చలిగంటలు అంటారు. ఉత్తరాది హైబుష్ రకాలకు 800 నుంచి 1000 గంటలు కావాలి. బ్లూక్రాప్, డ్యూక్, జెర్సీ, పేట్రియట్, ఎలియట్ ఈ కోవలోవి. న్యూజెర్సీ, మిషిగన్, మసాచుసెట్స్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఉండేవారికి ఇవే సరి. డ్యూక్ ముందు కాస్తుంది, బ్లూక్రాప్ మధ్యలో, ఎలియట్ చివర్లో. ఈ మూడూ వేసుకుంటే ఇంట్లో రెండు నెలల పాటు కాయలుంటాయి.

ఫ్లోరిడా అడవుల్లో వాక్సీనియం డారోయి అనే చిన్న పొద ఉంది. ఆకు రాల్చదు, చలి అడగదు. దాన్ని ఉత్తరాది హైబుష్‌తో సంకరం చేసి ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దక్షిణాది హైబుష్ రకాలు తయారు చేశారు. షార్ప్‌బ్లూ, మిస్టీ, ఎమరాల్డ్, జ్యువెల్ అలాంటివి. హ్యూస్టన్‌లోనూ, కాలిఫోర్నియా వెచ్చటి లోయల్లోనూ ఇవే పనికొస్తాయి. జార్జియా వైపు రాబిట్‌ఐ అనే మరో జాతి ఉంది. ఎండనూ, కాస్త చెడ్డ నేలనూ ఓర్చుకునే మొండిది, కొత్తవారికి అనువైనది. ఒక్క షరతు, టిఫ్‌బ్లూ, బ్రైట్‌వెల్, పౌడర్‌బ్లూ లాంటి రకాల్లో కనీసం రెండు పక్కపక్కన ఉంటే తప్ప సరిగా కాయదు.

హైబుష్ ఒక్కటే ఉన్నా కాస్తుంది. అయినా రెండు రకాలుంటే కాయ పెద్దదవుతుంది, త్వరగా పండుతుంది. ఈ పువ్వులో పుప్పొడి చిన్న రంధ్రంలోంచి రాలుతుంది. బంబుల్ బీ పువ్వును పట్టుకుని ఒళ్ళు ఝుమ్మని కంపింపజేసినప్పుడు పుప్పొడి బాగా రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. పూత మీదున్నప్పుడు పురుగుమందు కొట్టకపోతే అదే పెద్ద సాయం.

ఓపిక పట్టవలసిన చోట

మొదటి ఏడు, కుదిరితే రెండో ఏడు కూడా, వచ్చిన పూలన్నీ దూసేయాలి. ప్రాణం ఒప్పదు, పిల్లలు అసలు ఒప్పుకోరు. కానీ ఆ పూలకు పోయే శక్తి వేరుకు పోతేనే మొక్క నిలుస్తుంది. పూర్తి కాపు ఆరు నుంచి ఎనిమిదేళ్ళకు వస్తుంది. ఆ తర్వాత సరిగ్గా చూసుకున్న పొద ఏటా అయిదారు కిలోలు కాస్తుంది, ముప్పై నలభై ఏళ్ళు బతుకుతుంది. ఇన్నేళ్ళ ఓపికకు వచ్చే ప్రతిఫలం అది.

నాలుగో ఏటి నుంచి చలికాలం చివర్లో కత్తిరింపులు చేయాలి. కాయలు కాసేది కిందటేడు పెరిగిన కొమ్మల మీద. కొమ్మ కొసన లావుగా గుండ్రంగా ఉన్నవి పూమొగ్గలు, కిందుగా సన్నగా కోసుగా ఉన్నవి ఆకుమొగ్గలు. ఆరేళ్ళు దాటిన బొంతకర్రలను ఏటా ఒకటి రెండు మొదలంటా కోసేస్తే కింద నుంచి కొత్తవి లేస్తాయి. అలా చేయని పొద చిన్న చిన్న పుల్లటి కాయలతో గుబురైపోతుంది.

కాయ రంగు తిరిగే వేళకు పిట్టలు మనకంటే ముందుంటాయి. చట్రం కట్టి వల వేయడమే మార్గం. 2008లో కాలిఫోర్నియాలో కనిపించి దేశమంతా పాకిన మచ్చరెక్కల డ్రోసోఫిలా ఈగ మరో బెడద. మామూలు పండ్ల ఈగ కుళ్ళిన పండు మీద వాలితే, ఇది పండుతున్న కాయను కోసి లోపల గుడ్లు పెడుతుంది. తొందరగా కాసే రకాలు చాలావరకు దీని బారి నుంచి తప్పించుకుంటాయి. చివర్లో కాసే వాటిని రెండు రోజులకోసారి పూర్తిగా కోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, రాలినవి ఏరేయాలి.

నీలం రంగు రాగానే కోయడం చాలామంది చేసే పని. తొడిమ దగ్గర ఎర్రటి వలయం ఇంకా ఉంటే ఆ కాయ పుల్లన. మొత్తం నీలమైన తర్వాత కూడా మూడు నాలుగు రోజులు కొమ్మ మీదే ఉంచాలి. కోశాక దీనికి తీపి పెరగదు. బొటనవేలితో మెల్లగా తిప్పితే తనంతట తాను చేతిలో రాలేదే పండినది. పైనున్న తెల్లటి బూడిద పొర కాయ తనంతట తాను పూసుకున్న మైనం, నిల్వకు మంచిది. తినే ముందు కడిగితే చాలు.

తెలుగు నేల మీద

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇది పెంచగలమా అని చాలామంది అడుగుతారు. ఆన్‌లైన్లో మొక్కలు అమ్ముతున్నారు కూడా. ఉత్తరాది హైబుష్ రకం అయితే వద్దు. లంబసింగిలో డిసెంబరు రాత్రులు వణికించినా పగటి ఎండకు లెక్క తప్పుతుంది, 800 చలిగంటలు ఎక్కడి నుంచీ రావు. మిగతాచోట్ల నల్లరేగడి, బోరు నీళ్ళు రెండూ క్షారం వైపే.

ఆశ పూర్తిగా లేదని మాత్రం కాదు. పెరూ భూమధ్యరేఖకు దగ్గరి దేశం. అక్కడి తీర ఎడారిలో చలి దాదాపు అడగని బిలాక్సీ లాంటి దక్షిణాది రకాలతో ప్రపంచంలోనే అతి పెద్ద బ్లూబెర్రీ ఎగుమతిదారుగా ఎదిగింది. అయితే ఆ తీరాన్ని చల్లటి సముద్ర ప్రవాహం ఒకటి ఏడాది పొడుగునా చల్లబరుస్తుంది, ప్రతి మొక్కకూ ఆమ్లం కలిపిన నీళ్ళు బొట్టుబొట్టుగా అందుతాయి. మన మే నెల 42 డిగ్రీలు అక్కడ లేవు. మన దక్షిణాదిలోనే నీలగిరి షోలా అడవుల్లో వాక్సీనియం లెషెనాల్టి అనే బంధువు సహజంగా పెరుగుతుంది. అది పెరిగే ఎత్తూ, చల్లదనమూ, ఆమ్ల నేలా చూస్తే ఈ కుటుంబం దక్షిణ భారతంలో ఎలాంటి చోటును ఒప్పుకుంటుందో తెలుస్తుంది. ఆ లెక్కన మన దగ్గర ప్రయత్నానికి అర్థం ఉన్నది కాఫీ పండే అరకు, చింతపల్లి మన్యం ఎత్తుల్లోనే.

మేడ మీద కుండీలో సరదాకు పెంచుదామనుకుంటే రకం పేరు స్పష్టంగా అడిగి, బిలాక్సీ, మిస్టీ లాంటి తక్కువ చలి రకమే తీసుకోవాలి. గింజలతో పెంచాలని చూడొద్దు. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిలా ఉండదు, కాపుకు ఏళ్ళు పడుతుంది. పెద్ద కుండీలో పైన్ బెరడు దొరకకపోతే కోనసీమ కొబ్బరిపీచు పొట్టు వాడుకోవచ్చు. అందులోని ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి వాడాలి. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నపు ఎండ తగలకుండా షేడ్‌నెట్ కట్టాలి. నీళ్ళ విషయంలో బోరు నీటికి బదులు వాన నీళ్ళో ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ళో పోయాలి. ఆ ఏర్పాటు లేనివారు మొక్క కొనే ముందే ఒక పీపా కొని వానగొట్టం కింద పెట్టుకోవాలి.